అమ్మోనియం సల్ఫేట్: సరుకు గుణం, వాడకం, గిడ్డంగిలో జాగ్రత్తలు

(మా వాణిజ్య విలేఖరి)

ఎరువుల బజారులో 'అమ్మోనియా' అన్న ఒక్క మాట మీద బేరాలు కుదిరిపోవడం పాత అలవాటు. కొనేవాడు ఏది అడుగుతున్నాడో, అమ్మేవాడు ఏది పంపుతున్నాడో ఒకరికొకరికి తెలిసినంతకాలం ఇబ్బంది లేదు. కాని ఆ పేరు గల సరుకులు ఒకటి కాదు. అమ్మోనియం సల్ఫేట్ ఒకటి, అమ్మోనియం క్లోరైడ్ ఒకటి, అమ్మోనియం నైట్రేట్ మరొకటి, ఫాస్ఫేట్‌తో కలిసినవి ఇంకొన్ని. చూపుకు అన్నీ తెల్లని పలుకులే. ధరలో, చట్టంలో, ప్రమాదంలో మాత్రం వీటి మధ్య చాలా దూరం వున్నది. వీటిలో పాతదీ, నెమ్మదస్తురాలూ అయిన అమ్మోనియం సల్ఫేట్‌ను గురించి వర్తకులు, దళారులు తెలుసుకొని వుండవలసిన సంగతులను ఇక్కడ క్రోడీకరించడం జరిగింది.

సరుకు గుణం

అమ్మోనియా వాయువును గంధకామ్లంతో కలిపితే ఏర్పడే లవణమే అమ్మోనియం సల్ఫేట్. శుద్ధమైన సరుకులో నత్రజని 21.2 శాతం, గంధకం 24.2 శాతం వుంటాయి. మార్కెట్టుకు వచ్చే ఎరువు రకంలో నత్రజని 20.5 శాతం, గంధకం 23 శాతంగా లెక్క కడతారు. బస్తాపై 20.5-0-0-23 అని వుండే అంకెలకు అర్థమిదే. మధ్యనున్న రెండు సున్నాలు భాస్వరం, పొటాష్ లేవని చెబుతాయి.

ఈ సరుకు నీటిలో బాగా కరుగుతుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 75 గ్రాములు కరుగుతుంది. సారాయి, ఎసిటోన్ వంటి ద్రవాలలో కరగదు. దీని ద్రావణం కొద్దిగా ఆమ్ల గుణం కలిగి వుంటుంది. ఇది మండదు, దానంతటది పేలదు. సుమారు 235 డిగ్రీలు దాటి వేడెక్కితే మాత్రం విడిపోయి అమ్మోనియాను, వేడి ఇంకా పెరిగితే గంధకపు వాయువులను విడుదల చేస్తుంది.

వర్తకునికి అన్నిటికన్న ముఖ్యమైన గుణం చెమ్మను తట్టుకోవడం. గాలిలో తేమ ఎంత శాతం దాటితే సరుకు నీరు పీల్చడం మొదలుపెడుతుందో దానికి శాస్త్రజ్ఞులు ఒక హద్దు లెక్క కట్టారు. 30 డిగ్రీల వేడిమి వద్ద ఆ హద్దు అమ్మోనియం సల్ఫేట్‌కు సుమారు 79 శాతం. యూరియాకు సుమారు 72, అమ్మోనియం నైట్రేట్‌కు సుమారు 59. అంటే ఈ మూడింటిలో సల్ఫేట్‌యే గట్టి సరుకు. విజయవాడ ఎండాకాలంలో దీనికి ఇబ్బంది లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి రేవు పట్టణాలలో వానాకాలపు ఉదయాలలో గాలి తేమ 80 శాతం దాటడం మామూలే కనుక అక్కడి గిడ్డంగులలో మాత్రం జాగ్రత్త తప్పదు.

ఇది ఉప ఉత్పత్తి

ఈ సరుకు రాబడిని అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈనాడు అమ్మోనియం సల్ఫేట్ అత్యధిక భాగం దీనికోసమే పెట్టిన ఫ్యాక్టరీలలో తయారు కావడం లేదు. వేరొక సరుకు తయారయ్యేటప్పుడు పక్కన వచ్చే సరుకు ఇది.

మొదటి మార్గం ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్లు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే వాయువులో అమ్మోనియా వుంటుంది. దానిని గంధకామ్లం గుండా పంపి సల్ఫేట్‌గా పట్టుకుంటారు. టన్ను బొగ్గుకు సుమారు 10 కిలోల సల్ఫేట్ వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం సరుకు 'పుష్కల' పేరుతోను, ఉక్కు ప్రాధికార సంస్థ కర్మాగారాల సరుకు 'రాజా' పేరుతోను మార్కెట్టుకు పరిచయమైనవి.

రెండవది నైలాన్ ముడిసరుకైన కాప్రోలాక్టమ్ తయారీ. పాత పద్ధతులలో టన్ను కాప్రోలాక్టమ్‌కు నాలుగు టన్నులకు పైగా సల్ఫేట్ వచ్చేది. తర్వాతి పద్ధతులలో ఇది రెండు టన్నుల లోపుకు తగ్గింది. మన దేశంలో గుజరాత్‌లోని వడోదర వద్ద జి.ఎస్.ఎఫ్.సి., కేరళలోని ఉద్యోగమండల్ వద్ద ఫ్యాక్ట్ సంస్థ ఈ మార్గాన సరుకు తీసినవి. చైనాలో కాప్రోలాక్టమ్ ప్లాంట్లు విస్తరించిన కొద్దీ సల్ఫేట్ కూడ గుట్టలుగా వచ్చి పడింది. ఆ దేశం ప్రపంచంలో అతి పెద్ద ఎగుమతిదారుగాను, బ్రెజిల్ అతి పెద్ద కొనుగోలుదారుగాను నిలిచాయి.

మూడవ మార్గం జిప్సం. అమ్మోనియం కార్బొనేట్‌తో జిప్సంను కలిపితే సల్ఫేట్, సుద్ద ఏర్పడతాయి. గంధకం దిగుమతి అవసరం లేని మార్గమిది. 1943 బెంగాల్ కరువు తర్వాత దేశానికి స్వంత ఎరువుల కర్మాగారం కావాలన్న ఆలోచన ఫలితంగా బీహారులోని (ఇప్పటి జార్ఖండ్) సింద్రీలో ఈ పద్ధతిపైనే పెద్ద కర్మాగారం కట్టారు. 1951 అక్టోబరు 31న అక్కడ ఉత్పత్తి మొదలైంది. 1952 మార్చి 2న ప్రధాని నెహ్రూ దానిని జాతికి అంకితం చేశారు. రాజస్థాన్ నుంచి రైళ్ళలో జిప్సం వచ్చేది. మిగిలిన సుద్ద పక్కనున్న సిమెంటు కర్మాగారానికి పోయేది. రోజుకు సుమారు వెయ్యి టన్నుల సల్ఫేట్ తీసే ఏర్పాటు అది. తర్వాత కాలంలో 46 శాతం నత్రజని గల యూరియా వచ్చి 20 శాతం సల్ఫేట్‌ను వెనుకకు నెట్టింది. సింద్రీ పాత కర్మాగారం 2002 డిసెంబరులో మూతపడింది. అదే చోట 2022లో మళ్ళీ ప్రారంభమైన ఉత్పత్తి యూరియాదే గాని సల్ఫేట్‌ది కాదు.

దీనివల్ల వర్తకులకు తేలే నీతి ఒకటున్నది. సల్ఫేట్ రాబడి నాట్ల గిరాకీని చూసి పెరగదు. ఉక్కు, నైలాన్ పరిశ్రమలు నడిచే తీరును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. కోక్ ఓవెన్ బ్యాటరీ మరమ్మతుకు ఆగితే సరుకు ఆగుతుంది. నైలాన్‌కు గిరాకీ బాగా వుంటే, ఎరువుకు గిరాకీ లేకపోయినా సల్ఫేట్ వస్తూనే వుంటుంది. తయారీదారుకు దానిని వదిలించుకోక తప్పదు. ధర ఊహించదలచిన వారు వానల కబురుతో పాటు ఉక్కు, నైలాన్ కబుర్లు కూడ చూసుకోవాలి.

రైతు ఎందుకు కొంటాడు?

లెక్క చూద్దాం. 50 కిలోల సల్ఫేట్ బస్తాలో నత్రజని పదింబావు కిలోలు, అంటే 10.25 కిలోలు. గంధకం 11.5 కిలోలు. యూరియా బస్తాను 2018లో 45 కిలోలకు కుదించారు. అందులో నత్రజని 20.7 కిలోలు. అంటే ఒక యూరియా బస్తా ఇచ్చే నత్రజనికి రెండు సల్ఫేట్ బస్తాలు కావాలి. లారీ బాడుగ, హమాలీ, గిడ్డంగి చోటు అన్నీ రెట్టింపు.

45 కిలోల యూరియా బస్తాకు వేప పూత ఖర్చు, పన్ను కలిపి నిర్ణయించిన ధర రు. 266.50. ఆ లెక్కన కిలో నత్రజని సుమారు రు. 12.87 పడుతుంది. సల్ఫేట్ బస్తాలోని 10.25 కిలోల నత్రజనికి అదే రేటు కడితే విలువ సుమారు రు. 132 మాత్రమే. బస్తా ధర అంతకు మించి ఎంత వుంటే అంతా రైతు 11.5 కిలోల గంధకం కోసం ఇస్తున్నట్లే. కనుక నత్రజని పేరు మీద సల్ఫేట్‌ను అమ్మాలని చూసే చిల్లర వర్తకుడు యూరియా ముందు నిలబడలేడు. గంధకం పేరు మీద అమ్మగలవాడే నిలబడతాడు. అక్కడ కూడ పోటీ లేకపోలేదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో గంధకం 11 శాతం వున్నది. జిప్సంలోను వున్నది. 90 శాతం గంధకం గల బెంటొనైట్ గుళికలున్నవి. 2023 జూలైలో గంధకపు పూత గల యూరియా (37 శాతం నత్రజని, 17 శాతం గంధకం) కూడ ప్రవేశపెట్టబడింది. అయితే సల్ఫేట్‌లోని గంధకం నీటిలో కరిగి వెంటనే పైరుకు అందుతుంది. బెంటొనైట్ గంధకం మట్టిలో మారి అందడానికి వారాలు పడుతుంది. ఈ తేడాను రైతుకు చెప్పగలిగితే బేరం నిలుస్తుంది.

గంధకపు లోటు కాగితం మీది మాట కాదు. కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట పొలాలలో 2000 తర్వాతి సంవత్సరాలలో ఇక్రిశాట్ వారు జరిపిన మట్టి పరీక్షలలో గంధకం, జింకు, బోరాన్ లోటు విస్తారంగా కనిపించింది. వేరుసెనగ, ఆవాలు, ఉల్లి వంటి పైర్లకు గంధకం అవసరం ఎక్కువ. నూనె గింజలలో నూనె శాతానికీ దానికీ సంబంధమున్నది.

వరికి ఇది పాత నేస్తం. నీరు నిలిచిన మడిలో నైట్రేట్ రూపంలోని నత్రజని నిలవదు. అమ్మోనియం రూపంలోనిది బంకమట్టిని పట్టుకొని వుంటుంది. తేయాకు, రబ్బరు తోటలకు కూడ ఇది వాడుకలో వున్నది. అయితే ప్రతి సంవత్సరం ఇదే వేస్తే నేల పులుపెక్కుతుంది. 100 కిలోల సల్ఫేట్ నేలలో కలిగించే ఆమ్లాన్ని విరగగొట్టడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలి. చౌడు, సున్నపు నేలలకు ఈ గుణం కొంత మేలు చేయవచ్చు గాని, సున్నపు నేలలో పైపైన చల్లి వదిలితే అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. మట్టిలో కలియబెట్టవలెనని రైతుకు చెప్పడం వర్తకుని ధర్మం.

ఎరువు కాని వాడకాలు

తోలు పరిశ్రమలో సున్నంలో నానిన తోళ్ళ నుంచి సున్నాన్ని తొలగించడానికి సల్ఫేట్ వాడతారు. తమిళనాడులోని రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి కేంద్రాల గిరాకీ ఈ కోవకు చెందినదే. ఉన్ని అద్దకంలో రంగు పట్టడానికి, ఈస్టు పెంపకంలో నత్రజని ఆహారంగా, కర్ర, కాగితం త్వరగా అంటుకోకుండా చేయడానికి, కొన్ని రకాల అగ్నిమాపక పొడులలో, త్రాగు నీటి శుద్ధిలో క్లోరిన్‌తో పాటు, ఔషధ ప్రయోగశాలలలో మాంసకృత్తులను వేరు చేయడానికి కూడ దీనిని వాడతారు. ఆహార పదార్థాలలో వాడే శుద్ధమైన రకానికి అంతర్జాతీయ సంఖ్య 517.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎరువు రకం సరుకును తోళ్ళ ఫ్యాక్టరీకి, అద్దకం వారికి అమ్మడానికి వీలు లేదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 25వ క్లాజు ఎరువును నేలకు తప్ప ఇతర పనులకు అమ్మడాన్ని, వాడడాన్ని అనుమతి లేకుండా నిషేధిస్తున్నది. పన్ను కూడ వేరు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినపుడు ఎరువుగా అమ్మే సరుకుపై 5 శాతం, ఎరువుగా వాడరని స్పష్టంగా తెలిసే సరుకుపై 18 శాతం నిర్ణయించారు. సబ్సిడీ సరుకు పారిశ్రామిక గిడ్డంగికి చేరితే అది ధర తేడాతో పోయే వ్యవహారం కాదు. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు అవుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరుకులో చెమ్మ 1 శాతానికి మించరాదు. అమ్మోనియా రూపంలోని నత్రజని 20.5 శాతానికి, గంధకం 23 శాతానికి తగ్గరాదు. విడి ఆమ్లం 0.025 శాతం లోపు (ఉప ఉత్పత్తి అమ్మోనియా, ఉప ఉత్పత్తి జిప్సంతో చేసిన దానికి 0.04 శాతం లోపు) వుండాలి. పాషాణం 0.01 శాతానికి మించరాదు.

చెమ్మ విషయం తేలికగా తీసుకోరాదు. 100 టన్నుల సరుకులో ఒక శాతం చెమ్మ ఎక్కువైతే ఒక టన్ను నీటిని సల్ఫేట్ ధరకు కొన్నట్లే. ఆ నీరు గిడ్డంగిలో ఆరితే ఆ టన్ను తరుగు వర్తకుని ఖాతాకే. అదీగాక నమూనా తీసిన రోజున పరిమితి దాటి వుంటే సరుకు నాసిరకం కింద లెక్క.

రంగును బట్టి సరుకు పుట్టుక కొంత తెలుస్తుంది. కాప్రోలాక్టమ్ సరుకు సాధారణంగా తెల్లగా, పలుకు నిండుగా వుంటుంది. కోక్ ఓవెన్ సరుకులో తారు జాడ వల్ల బూడిద లేక గోధుమ ఛాయ, ఇనుము, సయనైడ్ కలిసిన పదార్థం వల్ల ఒక్కోసారి నీలి జీర కనిపించవచ్చు. రంగు చూసి నత్రజని శాతం చెప్పడం కుదరదు. విశ్లేషణ పత్రమే ప్రమాణం.

సందేహం వచ్చినపుడు దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. గాజు గిన్నెలో చిటికెడు సరుకు, చిటికెడు తడి సున్నం వేసి పుల్లతో కలిపితే ఘాటైన అమ్మోనియా వాసన రావాలి. ముక్కు దగ్గర పెట్టి పీల్చరాదు, చేతితో గాలిని విసురుకొని చూడాలి. యూరియా అయితే వెంటనే ఆ వాసన రాదు. ఉప్పు, గ్లాబర్ లవణం వంటి కల్తీ పదార్థాలైతే అసలే రాదు. కాని ఈ పరీక్ష సల్ఫేట్‌కూ, క్లోరైడ్‌కూ, నైట్రేట్‌కూ తేడా చెప్పలేదు. మూడూ వాసన ఇస్తాయి. నీటిలో కరిగించి బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తే ఆమ్లంలో కరగని తెల్లని మడ్డి దిగితే సల్ఫేట్ వున్నదని తెలుస్తుంది. బేరియం క్లోరైడ్ విషం కనుక ఈ పని ప్రయోగశాలకు వదలడం మేలు.

పేరులో పొరపాటు, ప్రాణాలతో చెలగాటం

అమ్మోనియం సల్ఫేట్ పేలదని పైన చెప్పాము. అమ్మోనియం నైట్రేట్ సంగతి అట్లా కాదు. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో, 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బీరూట్ రేవులో పేలినది నైట్రేట్. బీరూట్ గిడ్డంగిలో 2,750 టన్నులు ఏళ్ళ తరబడి పడి వుండి, నిప్పు తగిలి పేలగా రెండు వందల మందికి పైగా మరణించారు. ఆ వార్త తర్వాతనే చెన్నై సమీపంలో 2015 నుంచి నిలిచిపోయిన సుమారు 700 టన్నుల నైట్రేట్‌ను అధికారులు వేలం ద్వారా అక్కడి నుంచి తరలించారు. మన దేశంలో 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ గల మిశ్రమాన్ని 2011లో పేలుడు పదార్థంగా ప్రకటించారు. 2012 నిబంధనల ప్రకారం దాని నిల్వకు, రవాణాకు, అమ్మకానికి లైసెన్సు కావాలి.

ఈ రెండు సరుకులూ కలిసి చేసిన నష్టం కూడ చరిత్రలో వున్నది. జర్మనీలోని ఒప్పావులో బి.ఎ.ఎస్.ఎఫ్. కర్మాగారం సల్ఫేట్, నైట్రేట్ కలిపిన ఎరువును తయారు చేసి పెద్ద గోతాములో గుట్ట పోసేది. సరుకు రాయిలా గడ్డ కట్టేది. దానిని విడగొట్టడానికి చిన్న చిన్న డైనమైట్ మందు పెట్టి పేల్చేవారు. వేలసార్లు అట్లా చేసినా ఏమీ కాలేదు. సల్ఫేట్ సగం కలిసి వున్నది గనుక పేలదని నమ్మకం. 1921 సెప్టెంబరు 21 ఉదయం సుమారు 4,500 టన్నుల ఆ గుట్టలో కొంత భాగం పేలింది. అయిదు వందల మందికి పైగా చనిపోయారు, ఊరు ఊరే దెబ్బతిన్నది. మిశ్రమం గుట్ట అంతటా ఒకే పాళ్ళలో లేకపోవడం, కొన్ని చోట్ల నైట్రేట్ ఎక్కువై వుండడం కారణాలుగా చెబుతారు.

వర్తకులకు దీని నుంచి రెండు పాఠాలు. మొదటిది, సల్ఫేట్ సరుకును, నైట్రేట్ గల ఏ సరుకునూ ఒకే గిడ్డంగిలో కలిపి వుంచరాదు, ఊడ్చిన పొడిని ఒకే కుప్పలో పోయరాదు. రెండవది, బిల్లు, లారీ రసీదు, రైల్వే రసీదు, గిడ్డంగి చిట్టా అన్నిటిలోను సరుకు పేరు పూర్తిగా రాయాలి. 'అమ్మోనియా' అనో, 'అమ్. ఎరువు' అనో పొడి మాటలు రాయరాదు. కస్టమ్స్ వర్గీకరణలో సల్ఫేట్ సంఖ్య 3102 21, నైట్రేట్ సంఖ్య 3102 30. చివరి రెండు అంకెలే తేడా. నిప్పు అంటుకున్న రాత్రి అగ్నిమాపక దళం వచ్చి లోపల ఏమున్నదని అడిగితే గుమాస్తా చిట్టా తీసి చదివే పేరు మీదనే వారి ప్రాణాలు ఆధారపడి వుంటాయి.

గిడ్డంగిలో పద్ధతి

నేల మీద నేరుగా బస్తాలు వేయరాదు. చెక్క పలకలు పరచి వాటిపై పేర్చాలి. గోడకు రెండడుగుల దూరం వదలాలి. సల్ఫేట్ సిమెంటు నేలను, గోడ అడుగును తినేస్తుంది. ఇనుప రేకులు, కాటా పళ్ళేలు, రాగి, ఇత్తడి వస్తువులు, విద్యుత్ స్విచ్చులు దీని చెమ్మ పొడి తగిలితే తుప్పు పట్టి చెడిపోతాయి. ఓడలలో కూడ ఇదే ఇబ్బంది. సరుకుకు చెమట పడితే ఓడ పక్క రేకులు, దూలాలు విపరీతంగా తుప్పు పడతాయని సముద్ర రవాణా నిబంధనలలో హెచ్చరించారు.

దొంతర ఎత్తు పెరిగిన కొద్దీ అడుగు బస్తాలు గడ్డ కడతాయి. ముందు వచ్చిన సరుకు ముందు పోయే విధంగా వరుసలు ఏర్పాటు చేయాలి. గడ్డలను చెక్క సుత్తితో, లేక బస్తాను మెల్లగా పొర్లించి విడగొట్టాలి. వానాకాలంలో పగలు తలుపులు బార్లా తెరిచి వుంచడం వల్ల గాలి ఆడుతుందనుకోవడం పొరపాటు. బయటి తేమ లోపలికి వస్తుంది. ఎండ కాసిన వేళలలోనే తెరవాలి.

యూరియాతో కలపడం వల్ల వచ్చే నష్టం చాలామందికి తెలియదు. విడివిడిగా ఒకటి 79, ఒకటి 72 శాతం తేమ వరకు తట్టుకుంటాయి. రెండూ కలిస్తే హద్దు సుమారు 56 శాతానికి పడిపోతుంది. అంటే మామూలు రోజున కూడ ఆ మిశ్రమం చెమ్మగిలి ముద్ద అవుతుంది. చిరిగిన బస్తాల నుంచి రాలిన యూరియా, సల్ఫేట్ ఒకచోట ఊడ్చి పోసే గిడ్డంగులలో ఆ మూల ఎప్పుడూ తడిగా వుండడానికి కారణమిదే. రైతు పొలంలో చల్లే ముందు కలుపుకుంటే ఇబ్బంది లేదు గాని నిల్వకు కలపరాదు.

సున్నం, బూడిద, వాషింగ్ సోడా, కాస్టిక్ సోడా దగ్గర పెట్టరాదు. వాటితో కలిస్తే అమ్మోనియా వెలువడి నత్రజనీ పోతుంది, మనుషులకూ ఊపిరాడదు. తోళ్ళ ఫ్యాక్టరీలలో సున్నపు తోళ్ళపై సల్ఫేట్ వేసినపుడు డ్రమ్ములలో ఈ వాయువు పేరుకొంటుంది. గాలి ఆడే ఏర్పాటు లేకుండా మనిషి తల లోపలికి పెట్టరాదు. బ్లీచింగ్ పౌడరు, హైపోక్లోరైట్ ద్రావణంతో కలిస్తే విషవాయువులైన క్లోరమైన్లు పుడతాయి. గిడ్డంగి కడిగేటప్పుడు ముందు పొడిని పూర్తిగా ఊడ్చి, తర్వాతనే బ్లీచింగ్ వాడాలి. క్లోరేట్, నైట్రేట్, నైట్రైట్ లవణాలతో కలిస్తే పేలుడు ప్రమాదమున్నది.

హమాలీల విషయం యజమానులు మరువరాదు. పొడి కళ్ళలో పడితే మంట, ముక్కులోకి పోతే దగ్గు, చెమట పట్టిన మెడపై, భుజంపై దురద వస్తాయి. మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు, బస్తా మోసే భుజానికి పొడి గుడ్డ ఇవ్వాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచినీటితో కడగాలి. పని ముగిసిన తర్వాత కాళ్ళు చేతులు కడిగిన గాని అన్నం ముట్టరాదు. ఈ ఖర్చు బస్తాకు పైసలలో వుంటుంది.

చూడడానికి ఉప్పులాగానే వుంటుంది కనుక తినే సరుకుల పక్కన, పశువుల దాణా పక్కన పెట్టరాదు. ఖాళీ సంచులలో తవుడు, చెక్క నింపరాదు. పశువులు దీనిని తిన్నా, ఇది కలిసిన కుడితి తాగినా అమ్మోనియా విషమెక్కి చనిపోయే ప్రమాదమున్నది. కడిగిన నీరు చేపల, రొయ్యల చెరువులోకి పోకుండా చూడాలి.

నిప్పు అంటుకుంటే సల్ఫేట్ మండదు గాని సంచులు, పలకలు మండుతాయి, వేడికి సరుకు ఘాటు వాయువులు విడుస్తుంది. నీటితో ఆర్పవచ్చు. గాలి వీచే వైపు నుంచి మాత్రమే దగ్గరకు వెళ్ళాలి.

పత్రాలు

అమ్మకందారు అనుమతి పత్రంతో పాటు సరుకు ఎవరి వద్ద నుంచి వచ్చినదీ తెలిపే 'ఓ' ఫారం వుండాలి. ధరల, నిల్వల పట్టిక దుకాణంలో కనిపించేలా పెట్టాలి. ప్రతి అమ్మకానికీ రసీదు ఇవ్వాలి. తడిసి, గడ్డకట్టి, నాసిరకంగా తేలిన సరుకును గుట్టుగా మంచి బస్తాలలో కలిపి అమ్మే కన్న, నియంత్రణ ఉత్తర్వు 23వ క్లాజు కింద అనుమతి తీసుకొని, బస్తాపై ఆ మాట రాసి, మిశ్రమాలు చేసేవారికి అమ్ముకోవడం క్షేమం. ధర తగ్గుతుంది గాని లైసెన్సు మిగులుతుంది. పోషకాల ఆధారిత సబ్సిడీ 2010 ఏప్రిల్ 1న మొదలైనది. దాని రేట్లు సీజనుకొకసారి మారేవి కనుక ముందస్తు బేరాలు చేసేవారు సబ్సిడీ మార్పు ఎవరి ఖాతాకో ఒప్పందంలోనే రాసుకోవాలి.

మొత్తం మీద అమ్మోనియం సల్ఫేట్ సరిగా చూసుకొన్నవారిని ముంచే సరుకు కాదు. దీని లాభం గంధకం లెక్కలో వున్నది, నష్టం చెమ్మలో వున్నది, ప్రమాదం పొరుగు సరుకులో వున్నది. బేరం ముగించే ముందు పూర్తి పేరు, పుట్టిన చోటు, నత్రజని, గంధకం, చెమ్మ, బస్తా తూకం అనే ఆరు సంగతులు కాగితం మీదికి ఎక్కించుకొన్న వర్తకునికి తర్వాత తగాదా పడవలసిన అవసరం సాధారణంగా రాదు.